నా వంతు స్ముర్న

గుంటూరులో మా మిషన్ స్కూల్లో క్రిస్మస్ సెలవులకి ముందు ఏటా ఒక ప్రోగ్రాం ఉండేది. ఏడుగురు ఆడపిల్లలం స్టేజి మీద వరసగా నిలబడేవాళ్ళం. చేతుల్లో అట్టముక్కలు కత్తిరించి బంగారు కాగితం అంటించిన దీపస్తంభాలు. బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథంలో ఏడు క్రైస్తవ సంఘాల పేర్లు ఉన్నాయి కదా: ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఒక్కో పిల్లకి ఒక్కో ఊరు. మా బైబిల్ టీచరమ్మ మాచేత వాటిని ఎక్కాల్లాగా రాగం తీయించి బట్టీ పట్టించింది. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతాలు చేసుకునేవాళ్ళం. అయినా అమ్మ ఏమీ అనేది కాదు. "పద్యమైతే ఏంటి, వాక్యమైతే ఏంటి, నాలిక తిరిగితే చాలు" అనేది.

ఏడో తరగతిలో నా వంతు స్ముర్న వచ్చింది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఎందుకంటే ఆ ఏడు ఊళ్ళకీ క్రీస్తు పంపిన సందేశాల్లో అయిదింటికి చీవాట్లు ఉన్నాయి. స్ముర్నకీ, ఫిలదెల్ఫియకీ లేవు. చీవాట్లు లేకపోతే ఇంక డైలాగు ఏముంటుంది? అందరికంటే చిన్న ముక్క నాదే. చెప్పేసి దీపం పట్టుకుని నిలబడటమే. లవొదికయ వేసిన పిల్ల అదృష్టం చూడండి. వేడీ కాదు చల్లనా కాదు, "నులివెచ్చనగా" ఉన్నావు అనే మాట దగ్గర గొంతు పెంచి, చెయ్యి ఊపి, మొహం చిట్లించి చెప్పేది. హాలంతా చప్పట్లే. ఇద్దరం ఇప్పటికీ స్నేహితులం. అది విజయవాడలో ఉంటుంది. నేను దాన్ని లవొదికయ అనే పిలుస్తాను.

ఇదంతా యాభై ఏళ్ళ నాటి మాట. 2023 సెప్టెంబరు రెండో వారంలో, ఓడలో పడుకోబోయే ముందు, మళ్ళీ గుర్తొచ్చింది.

జర్మనీలో ఉన్న మా అబ్బాయి మా పెళ్ళిరోజుకని టికెట్లు కొని క్రూయిజ్ ఎక్కించాడు. ఏథెన్స్ పక్కన పిరేయస్ రేవులో ఎక్కాం. మాకు యూరప్ దేశాల షెంగెన్ వీసా ఉంది కాబట్టి టర్కీకి ఈ-వీసా తేలిగ్గానే వచ్చింది. ఓడలో రోజూ రాత్రి మర్నాటి కార్యక్రమం కాగితం గదిలో పెట్టి వెళ్తారు. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని చదువుతున్నారు. "రేపు ఇజ్మీరంట. టర్కీలో మూడో పెద్ద సిటీ. పాత పేరు స్మిర్నా."

చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది. "ఏంటీ? ఇంకోసారి చదవండి" అన్నాను.

పొద్దున్నే ఓడలో సగం మంది ఎఫెసు బస్సులకి పరిగెత్తారు. ఇజ్మీర్ నుంచి 80 కిలోమీటర్ల దూరం. అక్కడి శిథిలాలు చూడటానికే చాలామంది ఈ రేవులో దిగుతారు. డాలస్ నుంచి వచ్చిన తెలుగు జంట ఒకరు భోజనాల దగ్గర పరిచయమయ్యారు. "ఆంటీ, ఇంత దూరం వచ్చి ఎఫెసస్ చూడకపోతే ఎలా?" అని ఆ అమ్మాయి తెగ బాధపడింది. ఆ టూరు రేటు రూపాయల్లోకి మార్చి చూసి మా ఆయన గుండె పట్టుకున్నారు. పైగా ఆయన మోకాళ్ళకి ఆ పాలరాతి వాలు దారులు పడవు. ఈ రెండు కారణాలూ నిజమే. కానీ అసలు కారణం నాది. అందరూ మొదటి పేరు దగ్గరికి పోతే పోనీ, నా వంతు రెండోది.

దిగగానే ఊరేమీ అందంగా కనపడలేదు. అల్సంజక్ రేవు ప్రధానంగా సరుకు ఓడలది. క్రేన్లు, కంటైనర్లు, లారీల రోడ్డు. మా ఆయన "వైజాగ్ పోర్టు రోడ్డులాగే ఉంది, దీనికోసం ఇంత దూరమా?" అన్నారు. పావుగంట నడిచాక మాత్రం మాట మార్చారు. సముద్రం పక్కన కోర్డోన్ అని పెద్ద గట్టు. ఈత చెట్లలాంటి తాటిజాతి చెట్లు, పచ్చగడ్డి, గడ్డి మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న జనం. పనిరోజు పొద్దున తొమ్మిదింటికి ఇంతమంది తీరిగ్గా టీ తాగుతున్నారంటే ఈ ఊరు మంచిదే అయ్యుండాలి అనిపించింది.

ప్రతి బాల్కనీకీ ఎర్రజెండా ఉంది. కొన్నిటి మీద టర్కీ గణతంత్రాన్ని స్థాపించిన అతాతుర్క్ బొమ్మ. సెప్టెంబరు 9 వాళ్ళకి పెద్ద పండగ. 1922లో ఆ రోజే, అప్పటిదాకా గ్రీసు సైన్యం చేతిలో ఉన్న ఈ ఊళ్ళోకి టర్కీ సైన్యం వచ్చింది. ఆ తరవాత నాలుగు రోజులకే ఊరు అంటుకుంది. గ్రీకుల పేటలూ, ఆర్మీనియన్ల పేటా చాలావరకు కాలిపోయాయి. వెనక మంట, ముందు సముద్రం, మధ్యలో ఈ గట్టు మీదే వేల వేల మంది రోజుల తరబడి ఇరుక్కుపోయారు. ఎదురుగా నీళ్ళలో పెద్ద దేశాల యుద్ధనౌకలు ఉండనే ఉన్నాయి. ఎవరు అంటించారన్న దానిమీద ఇప్పటికీ రెండు పక్షాలూ రెండు మాటలు చెబుతాయి. మరుసటి ఏడాది ఒప్పందం చేసుకుని ఇక్కడి గ్రీకుల్ని గ్రీసుకి, అక్కడి ముస్లింల్ని ఇటు మార్చుకున్నారు. కాలిన చోటులో చాలా భాగాన్ని పార్కు చేసేశారు. 1936లో తెరిచిన ఆ కుల్తూర్‌పార్క్ ఇప్పటికీ ఉంది. టీ గ్లాసు చేతిలో పెట్టుకుని ఈ సంగతులు ఫోన్లో చదువుకుంటుంటే, కింద గడ్డి మీద ఒక చిన్నపిల్ల పిల్లి వెంట పరిగెడుతోంది. నేను ఫోను బ్యాగులో పెట్టేశాను.

టీతోపాటు బోయోజ్ తిన్నాం. గుండ్రంగా, పొరలు పొరలుగా, మన కాజా పిండిని బోర్లించి కాల్చినట్టుంటుంది. తీపి మాత్రం ఉండదు. పక్కన ఉడికించిన గుడ్డు. 1492లో స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టిన యూదుల వారసులు ఈ వంటని ఇక్కడికి తెచ్చారంటారు. మా ఆయన రెండు తిని, మూడోది జేబురుమాలులో చుట్టుకున్నారు. ఈ అలవాటు ఆయనకి రైలు ప్రయాణాల నాటిది. దేశం మారితే పోయేది కాదు.

గట్టు మీదే నడుచుకుంటూ రిపబ్లిక్ చౌక్ దాటాం. గుర్రం మీద అతాతుర్క్ విగ్రహం సముద్రం వైపు వేలు చూపిస్తూ ఉంటుంది. 1932లో ఒక ఇటలీ శిల్పి చేసినది. ఇంకొంచెం ముందుకి వెళితే కొనాక్ అనే మైదానం, అక్కడ గడియారపు స్తంభం. ఇజ్మీర్ అంటే పోస్టుకార్డుల మీద వేసే బొమ్మ ఇదే. 25 మీటర్ల ఎత్తు, సుల్తాన్ అబ్దుల్ హమీద్ గద్దెనెక్కి పాతికేళ్ళయిందని 1901లో కట్టారు. గడియారం జర్మనీ చక్రవర్తి ఇచ్చిన కానుక. బాగానే ఉంది, ఫొటో దిగాం, పావురాలు మా ఆయన బోయోజ్‌ని కనిపెట్టేశాయి. అక్కడితో సరి.

దాని వెనకే కెమెరాల్టి బజారు. ఆ రోజులో సగం అక్కడే గడిచిపోయింది.

సన్నటి సందులు, పైన పందిళ్ళు, ఒక సందులో అన్నీ చెప్పులే, ఇంకో సందులో అన్నీ పెళ్ళిబట్టలే. మన సుల్తాన్ బజార్‌నీ, బేగంబజార్‌నీ కలిపి నేల శుభ్రంగా కడిగినట్టు ఉంది. మూసి ఉన్న ఒక కొట్టు షట్టరు మీద ఏదో అంటించి ఉంటే మా ఆయన ఆగి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. "కిరాలిక్... అంటే కిరాయికి ఇస్తారనా?" ఫోన్లో చూస్తే అక్షరాలా అదే. ఇంక ఆయన్ని పట్టడం నా వల్ల కాలేదు. ముప్పై ఏళ్ళు హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం, పాతబస్తీ బ్రాంచి. వచ్చిన ఉర్దూ ముక్కలన్నీ బయటికి తీశారు. దుకాణాన్ని దుక్యాన్ అంటారు. జవాబు జెవాప్, వారానికి హఫ్తా, సబ్బుకి సాబున్, చక్కెరకి షెకెర్. అంజీర్‌ని ఇంజిర్ అంటారు. ఎండు అంజీర్‌కి పెట్టింది పేరు ఈ ప్రాంతం. మమ్మల్ని చూడగానే కొట్లవాళ్ళు "హిందిస్తాన్?" అని అడిగేవాళ్ళు. ఆ భాషలో హిందీ అంటే టర్కీ కోడి అని తరవాత తెలిసింది. ఇంగ్లీషువాళ్ళు దానికి టర్కీ పేరు పెట్టారు, టర్కీవాళ్ళు మన దేశం పేరు పెట్టారు. కోడికి ఏ సంగతీ తెలీదు.

కూరగాయలు అమ్మే సందులోకి తిరిగాం. ఒక కొట్టు గుమ్మానికి తోరణాల్లాగా ఏవో వేలాడుతున్నాయి. ముదురు ఊదారంగు, ముడతలు పడి, గంటల్లాగా బోలుగా, దారానికి గుచ్చి. గాలికి ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. ఎండిన చింతకాయల చప్పుడులా ఉంది. దగ్గరికి వెళ్ళి చేత్తో పట్టుకుని వాసన చూశాను. ఎండ వాసన, కొంచెం వగరు.

వంకాయ వరుగులు.

మా అమ్మ వేసవిలో వరుగులు పెట్టేది. వంకాయలు, గోరుచిక్కుళ్ళు, దోసకాయ ముక్కలు. ఉప్పు రాసి డాబా మీద పాత నేతచీర పరిచి ఎండబెట్టేది. నాలుగంచులకీ నాలుగు రాళ్ళు. మధ్యాహ్నం తిప్పే పని నాది, కాకుల్ని తోలే పని మా తమ్ముడిది. వానలు పట్టి కూరలు దొరకని రోజుల్లో వాటిని నానబెట్టి ఉల్లిపాయ కారం వేసి వేయించేది. అమ్మ పోయి పదకొండేళ్ళు. ఆ తరవాత మా ఇంట్లో వరుగు అన్న మాటే లేదు. ఫ్రిజ్‌లో ఏడాది పొడుగునా వంకాయ ఉంటుంటే ఎండబెట్టేది ఎవరు? ఎండబెట్టడానికి డాబా ఏది?

మా అమ్మ చక్రాలు తరిగేది. వీళ్ళు కాయని సగానికి కోసి, లోపలి గుజ్జంతా తీసేసి, తొక్కని గిన్నెలాగా ఎండబెడతారు. పక్కనే ఎర్ర మిరపకాయల దండలు, చిటికెనవేలి కొసంత ఉన్న బెండకాయల దండ కూడా ఉంది. కొట్టతను మా ఈడువాడే. తెల్లమీసం, భుజం మీద తువ్వాలు. నేను ఆ దండని వదలకపోవడం చూసి లేచి వచ్చాడు. నాకు టర్కీ రాదు, అతనికి ఇంగ్లీషు రాదు. వంట చెప్పడానికి భాష అక్కర్లేదని అప్పుడే చూశాను. గిన్నె పెట్టినట్టు చూపించాడు, నీళ్ళు పోశాడు, ఒక్కొక్కటే వేశాడు. "సిజాక్ సు, సిజాక్!" అని రెండుసార్లు గట్టిగా అన్నాడు. నాకు అర్థం కాలేదు. పక్కనున్న టీ గ్లాసుని వేలితో తాకి, చురుక్కుమన్నట్టు వేలు లాక్కుని విదిలించాడు. మరిగే నీళ్ళు! తల ఊపాను. తరవాత బియ్యం, ఉల్లిపాయ, పుదీనా చూపించి, అన్నీ కలిపి అరచేతి గుంటలో కూరి, మూత పెట్టేశాడు. మన గుత్తివంకాయే. కారం బదులు బియ్యం, అంతే తేడా.

ఒక దండ కొన్నాను. అతను కాగితంలో చుడుతూ పైన నాలుగు ఎండుమిరపకాయలు ఊరికే వేశాడు. మన కూరగాయల బండివాడు కొసరు కరివేపాకు వేసినట్టు.

అక్కణ్ణుంచి కాఫీకి వెళ్ళాం. బజారు మధ్యలో కిజ్లరాసి హాన్ అని 1744లో కట్టిన రెండంతస్తుల సత్రం ఉంది. ఒంటెల మీద సరుకు తెచ్చిన వర్తకులు దిగేవాళ్ళట. ఇప్పుడు దాని చుట్టూ కాఫీ కొట్లు. కప్పునే తిన్నగా నిప్పుల మీద పెట్టి కాఫీ కాస్తారు. చూడటానికి ఎంతో బాగుంది. తాగడానికి? పాలు లేని కాఫీని కాఫీ అనడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. మా ఆయన మర్యాదకి పోయి అడుగున ఉన్న మడ్డితో సహా తాగేశారు. కాఫీ కొట్టు కుర్రాడు పరిగెత్తుకొచ్చి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చాడు. దాంతోపాటు షంబాలి అని రవ్వతో చేసి పాకంలో ముంచిన బిళ్ళ తిన్నాం. దానికి మాత్రం పేరు పెట్టలేం.

మధ్యాహ్నం అగోరాకి, అంటే పాతకాలం నాటి ఊరి సంత మైదానానికి వెళ్ళాం. బజారుకి దగ్గరే, నడిచే దూరం. పాత స్ముర్న మిగిలి ఉన్నది అక్కడే. స్తంభాలు, వాటి కింద నేలమాళిగలో వరసగా రాతి కమానులు. క్రీ.శ. 178లో భూకంపానికి ఊరు కూలిపోతే, ఈ ఊరి పండితుడు ఒకాయన రోము చక్రవర్తి మార్కస్ ఆరేలియస్‌కి బతిమాలుతూ ఉత్తరం రాశాడు. ఆయన డబ్బిచ్చి మళ్ళీ కట్టించాడు. అప్పుడు కట్టినవే ఇవి. పైన ఎండ మండిపోతోంది. కింద కమానుల మధ్య చల్లగా ఉంది, ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు. రాతి కాలవలో ఇప్పటికీ నీళ్ళు నడుస్తున్నాయి. మా ఆయన బల్ల వెతుక్కుని కునుకు తీశారు. చుట్టూ ఎవరూ లేరు. చూసుకుని, నా డైలాగు చెప్పాను. యాభై ఏళ్ళ తరవాత ఒక్క ముక్క పోకుండా వచ్చింది. చిన్నదేగా! కమానుల్లో గొంతు కొంచెం మోగింది కూడా. ఏడో తరగతిలో మైకు దగ్గర కూడా అంత మోగలేదు.

స్ముర్న అన్న మాటకి గ్రీకులో బోళం, అంటే ఘాటు వాసన వేసే చెట్టు జిగురు అని అర్థం ఉంది. పచారీ కొట్లో బాలెంత బోళం అని అడిగి తెచ్చుకునేది. ఆ సంగతి టీచరమ్మ చెప్పినప్పుడు మేమంతా ముక్కులు మూసుకుని నవ్వాం. తొలినాళ్ళ క్రైస్తవుల్లో ఇక్కడి బిషప్ పోలికార్ప్‌ని బాగా ముసలితనంలో చంపేశారు. ఆయన పేరుమీద ఊళ్ళో ఒక పాత చర్చి ఉంది. గోడ దాకా వెళ్ళాం. లోపలికి వెళ్ళాలంటే ముందే మాట్లాడుకుని రావాలట, మేము మాట్లాడుకోలేదు. గేటు కమ్మీల్లోంచి చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేశాం.

అయిదున్నరకల్లా ఓడ ఎక్కాలి. నాలుగింటికి కొనాక్‌లో ట్రామ్ ఎక్కుదామనుకున్నాం. దానికి డబ్బులు పనికిరావు, కార్డు ఉండాలి. మేము బిత్తరచూపులు చూస్తుంటే, కాలేజీ పిల్ల ఒకతి తన కార్డు మూడుసార్లు తాకించి మమ్మల్ని లోపలికి తోసింది. లిరాలు ఇవ్వబోతే గుండెల మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. అంతా బాగానే ఉంది గానీ, ఆ కంగారులో మేమెక్కింది ఎదురు వైపు వెళ్ళే ట్రామ్. సముద్రం ఎడమచేతి వైపు ఉండాల్సింది కుడివైపు ఉందేమిటని మా ఆయన అనేదాకా నాకు తెలియలేదు. టెన్షన్‌తో చెమటలు పట్టి వచ్చిన స్టాపులో దిగిపోయాం.

తలెత్తి చూస్తే కొండ పక్కన నిటారుగా ఎర్ర ఇటుకల బురుజు. అసాన్సోర్, అంటే లిఫ్టు. ఇది మా లిస్టులో ఉంది. దూరమని పొద్దున్నే కొట్టేశాం. కింద వీధికీ పైన వీధికీ మధ్య 155 మెట్లు ఉండేవి. నెసిమ్ లెవీ అనే యూదు వర్తకుడు ముసలివాళ్ళూ, గర్భిణులూ, మూటలు మోసేవాళ్ళూ ఎక్కలేకపోతున్నారని 1907లో ఈ లిఫ్టు కట్టించాడు. ఇప్పటికీ నడుస్తోంది, డబ్బులు తీసుకోరు. మా ఆయన గడియారం చూసుకుని, మోకాళ్ళు చూసుకుని, "మోకాళ్ళ నొప్పివాళ్ళ కోసం కట్టాక ఎక్కకపోతే తప్పు" అన్నారు. పది నిమిషాలు అనుకుని ఎక్కాం.

పైన వసారాలోంచి ఊరంతా కనిపించింది. వంపు తిరిగిన సముద్రం, దాని చుట్టూ కొండల మీదికి ఎగబాకిన ఇళ్ళు, అటూ ఇటూ తిరిగే లాంచీలు. దూరంగా క్రేన్ల మధ్య మా ఓడ అగ్గిపెట్టెలా ఉంది. మధ్యాహ్నం నుంచి సముద్రం మీదుగా వీచే గాలికి ఇక్కడ ఇంబత్ అని పేరుంది. గాలికి పేరు పెట్టి పిలుచుకునే ఊరు నాకు నచ్చింది. చీర కుచ్చిళ్ళు అదిమి పట్టుకుని నిలబడ్డాను. బ్యాగులో వరుగులు గలగలమన్నాయి.

తిరిగి ఎలా వచ్చామని అడగకండి. టాక్సీ దొరికింది, ట్రాఫిక్ కూడా దొరికింది. ఓడ నిచ్చెన దగ్గరికి చేరేసరికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. మా ఆయన వారం రోజులు ఆ పన్నెండు నిమిషాల కథే అందరికీ చెప్పారు. డాలస్ అమ్మాయి రాత్రి భోజనాల దగ్గర ఎఫెసు ఫొటోలన్నీ చూపించింది. చాలా బాగున్నాయి. "మీరేం చూశారాంటీ?" అని అడిగితే, "వంకాయలు" అన్నాను. పాపం, నవ్వాలో వద్దో తెలియక ఊరుకుంది.

హైదరాబాదు వచ్చాక దండలో సగం తెంపి విజయవాడకి కొరియర్ చేశాను. కూరే పద్ధతంతా వాట్సాప్‌లో రాసి పంపాను. మూడోరోజు ఫోనొచ్చింది.

"ఒసేయ్, ఏం వంకాయలే ఇవి? రెండు గంటల నుంచి నీళ్ళలో ఉన్నాయి, చెప్పుల్లాగే ఉన్నాయి."

"ఎలాంటి నీళ్ళలో వేశావే?"

"గీజరు నీళ్ళే. మరీ వేడి కాదు, మరీ చల్లన కాదు..."

నేను నవ్వడం మొదలుపెట్టాను. అటువైపు ఒక్క క్షణం మాట లేదు. తరవాత, స్టేజి మీద ఎలా అనేదో అలాగే, గొంతు పెంచి లవొదికయ అంది: "నులివెచ్చనగా!"